మల్లన్న కూర్చోనన్న బండి

మా వాడకట్టులో ఎవరైనా పాత కారు కొనాలనుకుంటే ముందు నా దగ్గరికి వస్తారు. ఇంజన్ చూసి చెప్పమని కాదు. బానెట్ ఎత్తితే లోపల ఏది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ నల్లగొండలో హైదరాబాద్ రోడ్డు మీద ఒక పాత కార్ల షెడ్డులో ఎనిమిదేళ్ళు కార్లను లోపలి నుంచి కడిగాను. సీటు కింద చెయ్యి పెడితే ఆ కారు ఎలాంటి ఇంట్లో బతికి వచ్చిందో చేతికి తెలిసిపోతుంది. ఆ చేతి తెలివి కోసమే వస్తారు. ఏమేం చూసుకోవాలో చెప్పి పంపుతాను గానీ, ఆ మాట నోరు తెరిచి చెప్పడం నాకు ఏ రోజు వచ్చిందో, అంతకుముందు నేనేం చేశానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మోకాళ్ళు అరిగి పని మానేసి రెండేళ్ళయింది. మొదటి కారు కొనుక్కోబోయే పిల్లలకు పనికొస్తుందేమోనని ఇప్పుడు రాస్తున్నాను.

నేను బడికి పోలేదు. పొద్దుటి పూజ అయ్యాక మా బాపు పంచాంగం ముందు పెట్టి, తిథుల పేర్ల మీద నా వేలు ఆనించి అక్షరాలు నేర్పాడు. నేను మొట్టమొదట చదివిన మాట పాడ్యమి. ఆ చదువుకు ఉద్యోగాలు రావు. అయినా ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది దానితోనే కాబట్టి బాపుకు దండం పెట్టుకునే మొదలుపెడుతున్నాను.

షెడ్డుకు ముందు, దాని పక్కనే ఉన్న ఫంక్షన్ హాల్లో ఊడ్చేదాన్ని. పెళ్ళిళ్ళు ఉంటే పని, లేకపోతే లేదు. మూఢం వచ్చిందంటే నా పొయ్యికి కూడా మూఢమే. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ పక్క జాగాలో రేకుల షెడ్డు పడింది, కార్లు వచ్చి నిలబడ్డాయి. దాని యజమాని నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, అయినా అందరం సేటు అనే పిలిచేవాళ్ళం. ఒకరోజు గోడ మీది నుంచి తొంగి చూశాడు.

"అక్కా, గంత పెద్ద హాలు ఒక్కదానివే ఊడుస్తున్నవ్. గీ చిన్న కార్లు కడుగలేవా?"

"కడుగుత గని సేటు, కార్లకు గూడ మూఢం ఉంటదా?"

"నాకాడ అన్నీ మంచి రోజులే, రా" అని నవ్వాడు. మరునాడే చీపురు వదిలి బ్రష్షు పట్టాను.

కారు లోపల కడగడమంటే తుడిచి సెంటు కొట్టడం కాదు. కింది చాపలు తీయాలి, సీట్లు జరిపి పట్టాలు తుడవాలి, సందుసందులో సన్న బ్రష్షు తిప్పాలి. ఆ సందుల్లో ఏముంటాయో కారు అమ్మినవాళ్ళకు కూడా తెలియదు. పల్లికాయ పొట్టు, తలపిన్నులు, ఒంటి కాలి పట్టా, దసరానాడు ఎవరో చేతిలో పెట్టిన జమ్మి ఆకు. పొట్టు పారేసేదాన్ని. జమ్మి ఆకు పారేయడానికి చెయ్యి రాదు కదా, ఒక బిస్కెట్ డబ్బాలో దాచేదాన్ని.

ఆకు సంగతే అలా ఉంటే ఇక దేవుళ్ళ సంగతి చెప్పాలా. తమ చేత్తో తాము కారు అమ్ముకునేవాళ్ళు ముందున్న దేవుడి బొమ్మను జాగ్రత్తగా తీసుకుపోతారు. అప్పు కట్టలేదని గుంజుకొని వేలం వేసిన కార్లలో మాత్రం దేవుడు అలాగే ఉండిపోతాడు. ఆ బొమ్మలన్నిటినీ తుడిచి సామాన్ల రూములో ఒక బల్ల మీద పెట్టేదాన్ని. ఆ బల్ల మా మెకానిక్‌ది. ముసలాయన, నమాజు వేళకు చేతిలో పానా ఉన్నా కింద పెట్టేసేవాడు, అందరికీ చాచా. నా దేవుళ్ళ కోసం తన పానాల డబ్బా ఒక పక్కకు జరిపి, "పెట్టుకో చెల్లె. నీ దేవుళ్ళకు నా పానాలు కాపలా" అన్నాడు. రోజూ పని మొదలుపెట్టే ముందు అక్కడ ఒక ఊదుబత్తి వెలిగించేదాన్ని.

తప్పు ఎక్కడ మొదలైందంటే, ఒక కారులో గుట్ట నరసింహస్వామి బొమ్మ గట్టి జిగురుతో అతుక్కొని ఊడి రాలేదు. విరుగుతుందేమోనని భయపడి వదిలేశాను. భువనగిరి దిక్కు నుంచి ఒకాయన వచ్చి తలుపు తీశాడు, స్వామిని చూశాడు, చెప్పులు బయట విడిచి లోపల కూర్చున్నాడు. బానెట్ ఎత్తమని కూడా అనలేదు.

"సామి ముందే వచ్చి కూసున్నడు. ఇగ నేను చూసేదేముంది?" అని ఆ పూటే తీసుకుపోయాడు.

సేటు అది కనిపెట్టాడు. వారం తిరక్కుండా, "అక్కా, నీ బల్ల మీదోళ్ళను జర పని మీద పంపరాదా?" అన్నాడు.

అప్పుడు నాకు సంతోషం వేసిందంటే నమ్ముతారా? మూలన పడ్డ స్వాములకు మళ్ళీ సవారీ దొరికిందనుకున్నాను. నా మురికి పని కూడా సేవ అయిందనుకున్నాను. సేటు ఫోనులో కొనేవాళ్ళను మాటల్లో పెట్టి ఏ దేవుణ్ణి మొక్కుతారో అడిగేవాడు. గుట్ట స్వామి అంటే గుట్ట స్వామి, చెరువుగట్టు శివుడంటే శివుడు. నేను బల్ల మీద వెతికి, ముఖం తుడిచి, జిగురు పెట్టి కూర్చోబెట్టేదాన్ని. ఇలా నాలుగైదేళ్ళు. ఆ కార్లలో చాలావరకు మంచివే. అందుకే నాకు ఏ రోజూ గుచ్చుకోలేదు. నిజానికి పాత కారులో దేవుడు మిగిలిపోయి ఉన్నాడంటే, అది ఎవరి చేతి నుంచో లాక్కున్న కారు కావచ్చని మొదట అనుమానించాల్సింది నేనే. చూసేవాళ్ళు మాత్రం దాన్నే శుభమనుకున్నారు. నేనూ అనుకున్నాను.

ఒక ఏడు హైదరాబాద్ పట్నంలో పెద్ద వానలు పడి కాలనీలకు కాలనీలు మునిగాయి. ఆ తరువాత కొన్నాళ్ళకు వేలంలో సేటు చూడకుండా కొన్న ఒక వెండిరంగు చిన్న కారు షెడ్డుకు వచ్చింది. బయట గీత కూడా లేదు. కడగడానికి చాప ఎత్తితే కింద మెత్తటి ఒండ్రు, చెరువు ఎండినప్పుడు అడుగున మిగిలేలాంటిది. సీటు పట్టాల మరలకు తుప్పు. నాలుగు రోజులు కడిగాను. వాసన పోకపోతే కర్పూరం పొట్లాలు కట్టి సీట్ల కింద దోపాను. బెల్టులు కనిపించే మేరకు సబ్బుతో తోమాను. పని అయ్యాక దూరంగా నిలబడి చూసుకొని మురిశాను కూడా.

చాచా వచ్చి తలుపు తీసి, వాసన చూసి మూశాడు. "నీళ్ళు తాగిన బండి చెల్లె ఇది. వైర్లల్ల నీళ్ళు వొయినయి. ఇయ్యాల నడుస్తది, రేపు నడుస్తది. ఎల్లుండి ఏ రోడ్డు మీద ఆగుతదో దానికే ఎరుక."

"మరి సేటుకు చెప్పినవా?"

"చెప్పిన. ఆయనను గూడ ఎవడో ముంచిండు. ఎవరికన్న అంటగట్టి బయటపడాలె అంటుండు."

ఆ వెండి కారును చూడటానికి ఒక సోమవారం కేతేపల్లి దిక్కు నుంచి మొగుడూ పెళ్ళాలు వచ్చారు. గొర్రెల మంద ఉన్నవాళ్ళు. ఆయన గొర్రెలను సంతకు తోలే ట్రాలీ ఆటో నడిపి అలవాటున్నవాడే గానీ, కారు కొనడం ఆ ఇంట్లో ఎవరికీ తెలియని పని. కారు చుట్టూ ఒకసారి తిరిగి టైరును కాలితో తన్నాడు.

"ఏం జూస్తున్నవ్ తమ్మీ?" అన్నాను.

"ఏమో అక్కా. అందరు తన్నుతరు, నేను గూడ తన్నిన. గొర్రె అయితె ఎరుక గని, గిదేం ఎరుక నాకు?"

ఆయన భార్య వెనక సీట్లో కూర్చుంది. నలభై నిండి ఉండవు. ఎడమ చేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది. ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. సోమవారం, గురువారం నల్లగొండ దవాఖానకు వచ్చి డయాలిసిస్ చేయించుకుంటుంది. వచ్చేటప్పుడు బస్సులో ఎలాగో వస్తుంది, పోయేటప్పుడు ఒంట్లో సత్తువ ఉండదు. ఒకసారి తిరుగు దారిలో నకిరేకల్ బస్టాండులో కళ్ళు తిరిగి పడిపోతే, ఆమెను లేపి కూర్చోబెట్టిన ఆ సాయంత్రమే ఆయన మందలో సగం అమ్మాలని నిర్ణయించుకున్నాడట. ఇదంతా ఆమె నాకు నవ్వుతూ చెప్పింది.

"నువ్వు బండ్లు కడుగుతవ్, వాళ్ళు నా రక్తం కడుగుతరు. మనిద్దరికి రోజు కడుగుడే అయిపాయె గదక్కా."

చెప్పులు విడిచి సీటు మీద పక్కకు ఒరిగి, కాళ్ళు ముడుచుకొని పడుకొని చూసుకుంది. "సరిపోతనయ్యా. గిట్ల పండుకొని రావొచ్చు" అని మొగుడికి చెప్పింది. తరువాత లేచి నన్ను అడిగింది.

"అక్కా, లోపల మొత్తం నువ్వే కడిగినవ్ గద. మంచి బండేనా?"

సేటు ఆఫీసు గుమ్మంలో ఫోను చెవికి పెట్టుకొని మా వైపే చూస్తున్నాడు. సేటు చెడ్డవాడు కాదు. లాక్‌డౌన్ నెలల్లో షెడ్డుకు తాళం పడినా నా ఇంటికి బియ్యం పంపినవాడు. ఆ అన్నం నా గొంతుకు అడ్డం వచ్చింది.

"అంతా సామి దయ బిడ్డా" అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. "విన్నవా, అక్క గూడ మంచిదే అంటాంది" అని మొగుణ్ణి పిలిచి చెప్పింది.

నేను మంచిదని అనలేదు. కాదని కూడా అనలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రోజుకు వందసార్లు అనుకునే మాట అది. ఆ రోజు దాన్ని నోటికి అడ్డం పెట్టుకున్నాను.

బుధవారం వచ్చి బండి తీసుకుపోతామన్నారు, గురువారం దవాఖానకు అందులోనే రావచ్చని. వాళ్ళు పోగానే సేటు అన్నాడు, "అక్కా, గొర్లోళ్ళు, మల్లన్నను మొక్కుతరట. ఉన్నడా?"

ఉన్నాడు. జానెడు బొమ్మ, కోర మీసాలు. ఎప్పుడో కింద పడి ఎడమవైపు మీసం విరిగింది. మంగళవారం నా కాటుక డబ్బా తెచ్చి, పుల్లతో ఆ మీసం దిద్దుతూ కూర్చున్నాను. చాచా పక్కనే ఒక పానా తుడుచుకుంటూ అడిగాడు.

"ఆ బిడ్డకు ఏం చెప్పినవ్ చెల్లె?"

చెప్పింది చెప్పాను.

చాచా తుడుస్తున్న పానాను డబ్బాలో వేశాడు. "ఆమె నిన్ను అడిగింది. నీ దేవుణ్ణి అడుగలే" అన్నాడు.

"మరి నువ్వు చెప్పరాదా?"

"నన్ను అడుగుతె చెప్తుంటి. నన్నెవరడుగుతరు? కొనేటోళ్ళు వస్తె సేటు నన్ను షెడ్డు ఎనుకకు తోలవట్టె."

కాటుక పుల్ల చేతిలోనే ఉండిపోయింది. విరిగిన మీసం దిద్దిన చోట తెలియనే తెలియడం లేదు, అంత నున్నగా వచ్చింది. ఆ కారును కూడా నేను ఇలాగే దిద్దానన్నది అప్పుడు కళ్ళకు కట్టింది. మల్లన్నను మళ్ళీ బల్ల మీద పెట్టాను.

బుధవారం పొద్దున్నే కారులోని కర్పూరం పొట్లాలన్నీ తీసేసి, అద్దాలు పూర్తిగా ఎక్కించి, ఎండలోకి తోయించాను. సేటు కాగితాల పని మీద బయటికి పోయాడు. పదకొండు దాటాక వాళ్ళు వచ్చారు. ఆమె కొత్త చీర కట్టుకుంది, చేతి సంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు. ఆయన ఉత్సాహంగా తలుపు తీసి, అడుగు లోపల పెట్టబోయి ఆగిపోయాడు.

"ఏందక్కా గీ వాసన?"

"నువ్వే చెప్పు తమ్మీ."

"వానకాలం దొడ్డిల నీళ్ళు నిలిస్తె వస్తది గిట్ల."

"సంతల గొర్రెను ఎట్ల చూస్తవ్?"

"ఎట్ల చూస్త? పండ్లు చూస్త. కంటిరెప్ప ఇప్పి ఎరుపుందా లేదా చూస్త. నడుము ఒత్తుత, గిట్టలు చూస్త. నాలుగడుగులు నడిపిస్త."

"మరి దీన్ని ఊకె ఒక తన్ను తన్ని పోతివేంది?"

నవ్వాడు. తరువాత నా ముఖం చూసి నవ్వు ఆపాడు. తువాల తీసి కారు మీద వేసి, మోకాళ్ళ మీద కూర్చొని, చాప అంచు పట్టి కంటిరెప్ప విప్పినట్టే విప్పాడు. సీటు కింద చెయ్యి పెట్టి తీసి వేళ్ళు వాసన చూశాడు. వెనక స్టెప్నీ ఎత్తి దాని కింది గుంతలో గోటితో గీకి, గోట్లో పట్టిన ఒండ్రును భార్యకు చూపించాడు. నేను ముందు సీటు బెల్టు పట్టుకొని చివరిదాకా గుంజి ఆమె చేతిలో పెట్టాను. నేను తోమినంత మేర నల్లగా మెరుస్తోంది. లోపల చుట్టుకొని ఉన్నది మట్టి రంగు. రెంటికీ మధ్య గీత గీసినట్టుంది.

ఆమె ఆ గీతను వేలితో తడిమింది. "సోమారం అడిగితె సామి దయ అంటివి గదక్కా" అంది. కోపంగా అని ఉంటే తట్టుకునేదాన్ని. తెలుసుకోవాలని అడిగినట్టు అంది.

"అన్న బిడ్డా. తప్పయింది. నాకు చెప్పే దమ్ము లేక సామిని ముందల పెట్టిన."

"గురువారం నన్ను యేసుకొని పోతుంటె నడుమల ఆగుతుండెనా?"

"ఆగుతుండెనో లేదో నాకెరుక లేదు. నీళ్ళల్ల మునిగిన బండని మాత్రం ఎరుక."

అప్పుడే సేటు స్కూటర్ దిగాడు. విప్పిన చాపలు, బయటకు వేలాడుతున్న బెల్టు, చేతులు తుడుచుకుంటున్న మనిషి. అంతా చూశాడు. చూసి నాతో ఒక్కటే అన్నాడు.

"అక్కా, మల్లన్న ఏడి?"

"బల్ల మీదనే ఉన్నడు సేటు. గీ బండ్ల కూసోనంటుండు."

చాచా అటు తిరిగి దగ్గాడు. చాచా నోట విని, నేనేదో గొప్ప మాట అన్నానని మా వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది కూడా అబద్ధమే. మల్లన్న నాతో ఏమీ అనలేదు. నా భయం పోవడానికి ఆయన పేరు మళ్ళీ వాడుకున్నాను, అంతే. మునుపు సేటు కోసం వాడాను, ఆ పూట నా కోసం వాడాను. ఆయన ఓపికకు దండం.

సేటు అరవలేదు. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు అరిచే మనిషి కాదు. "ఇంటికి పో అక్కా. రేపటి సంది రాకు" అని మెల్లగా అన్నాడు. బ్రష్షు, బకెట్ కడిగి బోర్లించాను. పోతూ పోతూ ఆ ఇద్దరినీ షెడ్డు చివరికి తీసుకుపోయాను. అక్కడ ఒక ఎర్ర చిన్న కారు ఉండేది. రిటైరైన ఒక పంతులమ్మ తన చేత్తో అమ్ముకున్నది. తలుపు మీద సొట్ట, సీటు మీద పోని పసుపు మరక. చూడ్డానికి బాగాలేదని ఎవరూ దగ్గరికి కూడా వచ్చేవాళ్ళు కాదు. దాని లోపల నాకు దొరికినవి బియ్యపు గింజలు, సుద్దముక్కలు. దేవుడు లేడు. పంతులమ్మ తీసుకుపోయింది.

"దీన్ని గొర్రెను చూసినట్టు చూడు" అన్నాను.

గంటసేపు చూశాడు. చాచాను అడిగాడు. చాచా ఆ మాట కోసమే ఉన్నట్టు వచ్చి, బానెట్ ఎత్తి చూపించి, పక్కన కూర్చోబెట్టుకొని పానగల్లు దాకా తోలి తెచ్చాడు. ఆమె వెనక సీట్లో మళ్ళీ కాళ్ళు ముడుచుకొని పడుకుంది. లేచి, ఖాళీగా ఉన్న ముందు భాగం చూసి అడిగింది. "దీంట్ల సామి లేడా అక్కా?"

"మీ సామిని మీరే తెచ్చుకోండ్రి బిడ్డా."

మూడు వారాలు ఇంట్లో కూర్చున్నాను. తరువాత సేటే మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "బండ్లన్నీ వాసనొస్తున్నయక్కా" అన్నాడు. నేను కూడా ఒక్కటే అడిగాను, ఇక ముందు ఏ కారులోనూ నా చేత దేవుణ్ణి పెట్టించవద్దని. సరేనన్నాడు. నన్ను తిరిగి పిలిచినందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞురాలినే.

పనిలోకి వచ్చిన వారమే ఒక గురువారం షెడ్డు ముందు రోడ్డు మీద రెండుసార్లు హారన్ మోగింది. చూస్తే సొట్ట తలుపు ఎర్ర కారు. వెనక అద్దంలో నుంచి ఒక చెయ్యి ఊగింది. అప్పటి నుంచి సోమవారం, గురువారం ఆ హారన్ మోగేది. ఒక పూట ఆలస్యమైతే నా చేతిలో బ్రష్షు ఆగిపోయేది. నేను పని మానేసే రోజు దాకా మోగుతూనే ఉంది. దేవుడు నాకు జీతం ఇచ్చిన రోజులవి.

కానీ ఇంకొకటి ఉంది. అది చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ.

తిరిగి వచ్చిన మొదటి రోజు ఊదుబత్తి పట్టుకొని సామాన్ల రూములోకి పోతే, బల్ల మీద మల్లన్న లేడు. బయటికి వచ్చి చూస్తే వెండి కారు కూడా లేదు.

"ఎవరు తీసుకపోయిండ్రు సేటు?"

"మహబూబ్‌నగర్ దిక్కోళ్ళు. మొదటి బండట."

"చెప్పినవా?"

"చెప్పే ఇచ్చినక్కా" అన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు. నంబరు అడిగితే లేదన్నాడు. నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఆదివారం చాచా, నేనూ చాచా స్కూటర్ మీద పానగల్లు చెరువుకు పోయి, మిగిలిన స్వాములందరినీ నీళ్ళల్లో విడిచి వచ్చాం. జమ్మి ఆకుల డబ్బా కూడా.

పిల్లలారా, మీరు ఇది చదువుతున్న చోట, మహబూబ్‌నగర్ దిక్కున ఎవరి ఇంటి ముందైనా ఒక వెండిరంగు చిన్న కారు ఉండి, అందులో ఎడమ మీసం కాటుకతో దిద్దిన మల్లన్న కూర్చొని ఉంటే, వాళ్ళకు ఒక్క మాట చెప్పండి. ముందు సీటు బెల్టును చివరిదాకా గుంజి చూడమనండి. వైర్లన్నీ మంచి మెకానిక్‌కు చూపించేదాకా, ఒంట్లో బాగాలేని మనిషిని అందులో దూరం తీసుకుపోవద్దనండి. ఇప్పటికే ఎక్కడో నడిరోడ్డు మీద ఆగి ఉంటే, మల్లన్నను ఏమీ అనవద్దనండి. ఆ కారు మంచిదని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ మీసం దిద్దింది నేను.